మాస్టారు అడిగిన పొత్రం

దొంగలు మీరే. మూడేళ్ల కిందట స్ప్రింగ్ బ్రేక్‌లో డాలస్ పక్కనున్న మన ఫ్రిస్కో నుంచి పడమటి టెక్సాస్ ఎడారి పార్కుకు మాతో వచ్చిన కుటుంబాలకే చెబుతున్నాను. ఆదివారాలు మన పిల్లలకు తెలుగు నేర్పిన మాస్టారు మంగళవారం పోయారు. నిన్న ఆయన ఫొటోకు దండ వేసి కళ్లు తుడుచుకున్నారు. ఆ చేతులతోనే కదా ఆయన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేసింది.

పార్కంటే మనకు సెల్ఫీలు. ఆయనకు మనుషులు. పాదరసం గనుల్లో పనిచేసి పోయిన మెక్సికన్ కూలీల సమాధుల దగ్గర ఆగి, శిలువల మీద మిగిలిన పేర్లు పిల్లల చేత పైకి చదివించారు. "పేరు పిలిస్తే మనిషి కాసేపు లేచి కూర్చుంటాడు" అనేవారు.

తర్వాత, గుండ్రటి గుంటలున్న పెద్ద బండ ముందు చెప్పులు విప్పారు.

"రోళ్లమ్మా ఇవి. ఇక్కడి ఆదివాసీ ఆడవాళ్లు కాయలు దంచుకున్నవి. ఇంట్లో రోలు మీద కాలు పెడితే మీ అమ్మ ఊరుకునేదా?"

ఒక గుంట పక్కన నున్నటి పొడుగు రాయి. మనలో ఒకావిడ చేతిలోకి తీసుకుంది. "అచ్చం శివలింగం. స్వయంభువు."

"అది పొత్రం తల్లీ, రోట్లో రుబ్బే రాయి. అక్కడే పెట్టెయ్."

"మాస్టారికి అన్నీ వంటిల్లే. ఇడ్లీకి రుబ్బి పెట్టమంటారా ఏంటి?"

అందరూ నవ్వారు. రాయి నా కారు డిక్కీలో ఎక్కింది. తెలిసే డ్రైవ్ చేశాను.

ఆవిడ పూజగదిలో దానికి సోమవారం సోమవారం పాలాభిషేకం. ఒక సోమవారం పిలిస్తే వచ్చిన మాస్టారు తీర్థం పుచ్చుకోలేదు. "ఎవరి వంటింట్లోంచో ఎత్తుకొచ్చారు. పాలు పోస్తే దొంగసొత్తు దేవుడవుతుందా?" అన్నారు. ఆ సాయంత్రమే ఆయన్ను గ్రూపులోంచి తీసేశారు. ఆ తర్వాత ఏ పొట్లక్ విందుకీ ఆయనకు పిలుపు లేదు.

ఆస్పత్రిలో నన్ను అడిగింది ఒక్కటే. "పొత్రం పంపించేశారా?"

"పంపించేశాం మాస్టారూ."

నా చెయ్యి పట్టుకున్నారు. "ఏ రోలు పక్కన పెట్టారు?"

నాకు గుర్తు లేదు. ఆయన దుప్పటి సర్దాను. ఆయనకు అర్థమైంది. చెయ్యి వదిలేశారు.

సంతాప సందేశాలు చాలు. చేయాల్సినవి ఇవి:

రాయిని పీఠం మీంచి దించండి. కడగకండి. గంధం పూసింది మనమేనని పార్కువాళ్లకు తెలియాలి.

ఆ రోజు ఫొటోలన్నీ వెతకండి. అది ఏ రోలు పక్కనుందో తేల్చండి.

కొరియర్ చేయకండి. తీసుకెళ్లి పార్కు రేంజర్ చేతికివ్వండి. తీసినవాళ్ల పేరు, మోసినవాడిగా నా పేరు రాసివ్వండి.

నవ్విన పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి.

బండ దగ్గర చెప్పులు విప్పండి.