హదస్సా సిస్టర్ పెట్టని సంతకం

ఆపరేషన్ థియేటర్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసిన హదస్సా సిస్టర్‌కి నెత్తురు, చీము అంటే ఏనాడూ రోత లేదు. ఆమెకు రోత పుట్టింది ఒకే ఒక్కసారి. అదీ ఒక పుస్తకం చూసి.

కరోనా రోజులవి. ఆపరేషన్లన్నీ వాయిదా వేసి, సర్జరీ నేర్చుకునే పీజీ డాక్టర్లను కోవిడ్ వార్డుకు తోలారు. కత్తి పట్టాల్సిన చేతులు మొద్దుబారతాయని హదస్సా మెట్టుగూడలోని ఇంటి నుంచి వస్తూ మోండా మార్కెట్‌లో మేకపేగులు కొని, ఉప్పునీళ్లలో కడిగి తెచ్చేది. డ్యూటీ దిగాక వాటిమీద వాళ్లచేత కుట్లు వేయించేది.

"గట్ల గుంజకు సారూ. చచ్చిన మేక గాబట్టి ఊకున్నది," అనేది పృథ్వీతో. అందరిలోకీ అతనిదే నేర్పున్న చెయ్యి.

పరీక్షలు దగ్గరపడ్డాయి. సొంతంగా చేసిన ఆపరేషన్లు ఇన్నని పుస్తకంలో చూపాలి. ప్రతి పేజీ కింద థియేటర్ సిస్టర్ సంతకం ఉండాలన్నది అక్కడి ఆనవాయితీ. పెద్ద డాక్టరు హరికిషన్ ఉపాయం చెప్పాడు: వీడియో పాఠంలో చూసినవే చేసినట్టు రాసుకోండి, పేర్లు వాయిదా పడ్డ రోగుల జాబితాలోంచి తీసుకోండి.

పృథ్వీ పుస్తకం తెచ్చాడు. "అందరూ ఇలాగే రాశారు సిస్టర్. ప్లీజ్."

ఆమె పేజీలు తిప్పింది. పదకొండో పేజీ. సామ్యూల్, యాభై ఎనిమిదేళ్లు. హెర్నియా. కోలుకుని ఇంటికి వెళ్లాడు.

సామ్యూల్ ఆమె పెనిమిటి. మూడుసార్లు వాయిదా వేశారు. చివరికి పేగు బిగుసుకుంటే, కరోనా రిపోర్టు రానిదే ముట్టేది లేదన్నారు. రెండు రోజులకు రిపోర్టు వచ్చేసరికి పేగు లోపలే కుళ్లిపోయింది, మనిషి దక్కలేదు. ఆ రెండు రోజులూ థియేటర్ తాళంచెవి ఆమె జేబులోనే ఉంది.

"ఇంటికి పోయిండని రాసినవు. ఏ ఇంటికి పోయిండు సారూ?"

పృథ్వీ మొహం పాలిపోయింది. "అయ్యో, చూసుకోలేదు సిస్టర్. కొట్టేసి వేరే పేరు రాస్తా."

"ఎవరిది? ఇంకొకామె మొగునిదా?"

హరికిషన్ పిలిపించాడు. "సంతకం పెడితే మీ సొమ్మేం పోతుందమ్మా?"

"పోయింది సార్. పదకొండో పేజీల ఉన్నది, చూడుండ్రి."

ఆయన చూడలేదు. సాయంత్రానికల్లా ఇంకో సిస్టర్‌చేత అన్ని పుస్తకాల్లోనూ సంతకాలు పెట్టించాడు.

పొద్దున కుట్లకని తెచ్చిన పేగుల గిన్నె అలాగే ఉంది. హదస్సా దాన్ని గేటు బయట కుక్కల ముందు బోర్లించింది. అవి ఎగబడి, లాక్కుని, చప్పరించాయి. ఆ కంపుకు ఆమె ముక్కు మూసుకోలేదు. ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి నడిచింది.