కుళ్లాయప్ప విప్పని తాడు

మా పెనుకొండ పక్క పల్లెలో నీళ్లంటే వెయ్యి అడుగుల బోరు అడుగున ఉండేవే. ఆ ఊరి గొర్ల కాపరి, మా బావ కుళ్లాయప్ప, పద్దెనిమిదేళ్లు అండమాన్‌లో రిసార్టుల దీవికి పోయే ఫెర్రీ మీద బతికాడు. ఈత కూడా రాదు. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం పోయింది!

ఆయన కూలీగా చేరినప్పుడు ఆ దీవికి సర్కారు పడవొక్కటే. చెక్క బల్లలు, కోళ్ల బుట్టలు, నాలుగు గంటల ప్రయాణం. రిసార్టులు లేచాక ఒక ప్రైవేటు కంపెనీ ఏసీ పడవ దింపింది. అది చేతులెత్తేస్తే ఇంకొకడు కొన్నాడు, వాణ్ణి మూడోవాడు మింగేశాడు. బావ చొక్కా రంగు మారిందే గానీ పని మారలేదు. రేవులో తాడు కట్టాలి, ఎక్కినవాళ్లను లెక్కపెట్టాలి, తాడు విప్పాలి. దొడ్డి వాకిట్లో గొర్లను లెక్కపెట్టినట్టే రెండేసి చొప్పున లెక్కపెట్టేవాడు.

మూడో కంపెనీ మేనేజరు రఘునాథ్, విశాఖ మనిషి, టికెట్లు చదివే మిషన్ తెచ్చాడు. ఇక నీతో పనేముంది, నెలాఖరుకు ఇంటికి పొమ్మన్నాడు.  బావ కూతురు రేఖకు హిందూపురంలో నర్సింగు చదువు ఇంకా ఏడాది ఉంది. ఆ ఉద్యోగం తప్ప మరో ఆధారం లేదు.

ఆ నెల్లోనే తుపాను హెచ్చరిక వచ్చింది. ఆ రోజు దీవి నుంచి బావ పడవే ఆఖరిది, మళ్లీ మూడు రోజులు ఏదీ రాదు. మిషన్ నూట నలభై రెండు అంది. బావకు డెబ్బై జతలు, ఒంటిగా ఒకటి వచ్చింది. గాలి పెరుగుతోంది, జనం తిడుతున్నారు. బావ తాడు మీద కాలేసి నిలబడ్డాడు.

"విప్పకపోతే నెలాఖరు దాకా కూడా ఉండవు," అన్నాడు రఘునాథ్.

"రేపే పంపించు సార్. ఒకరు ఈడే నిలిచిపోయిండారు. నేను విప్పను."

తాడు దగ్గర రఘునాథ్‌నే నిలబెట్టి, వెతకడానికి బావ రేవు గట్టు మీదికి దిగాడు. ఏమనుకున్నాడో, రఘునాథ్ విప్పలేదు. టికెట్టు మిషన్‌కు చూపించాక కళ్లు తిరిగిన ముసలమ్మ ఒకామె రేవు షెడ్డు వెనక నీళ్ల డ్రమ్ము పక్కన కూలబడి ఉంది. పడవ పై అంతస్తులో కూర్చుని ఉంటుందిలే అనుకున్నారట ఆమె కొడుకూ కోడలూ. ఏం మనుషులో! బావ ఎత్తుకొచ్చి కూర్చోబెడితే, అవతలి రేవు చేరేదాకా ఆమె ఆయన చొక్కా కొస వదల్లేదు.

ఈ లెక్క ఎవరు నేర్పారని రఘునాథ్ అడిగాడు.

"మా నాయన సార్. లెక్క కుదిరేదాకా దొడ్డికి తడిక ఎయ్యనిచ్చేవాడు కాదు."

ఇంటికి పొమ్మన్న మాట మళ్లీ రాలేదు. రేఖ చదువు పూర్తయింది. పోయిన ఏడు బావ తనంతట తానే మానుకుని ఊరికొచ్చాడు. ఆ పడవలో ఇప్పటికీ, మిషన్ ఏ అంకె చూపినా సరే, ఒకరు వాకిట్లో నిలబడి రెండేసి లెక్కపెట్టాకే తాడు విప్పుతున్నారు.