రాహేలమ్మ పెరట్లో కాటుక పిట్ట

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి రాయడం కూడా కోపంతోనే రాస్తున్నాను. నేను సైన్సు టీచరుగా మొదట పనిచేసింది మైదుకూరు దగ్గర ఒక పల్లెలో. ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండిన రాహేలమ్మ డిసెంబరు మొదట్లో నా ఫోనుకు ఒక ఫొటో పంపింది. పెరట్లో పరికి ముళ్ళకంప కింద, రాలిన నల్లటి చిన్న పండ్ల మధ్య, ఇటుకరంగు తల ఉన్న పిట్ట. "మూడేండ్ల నుంచి చలికాలంలో వస్తాండాది మేడమ్, దీని పేరేంది?" అని గొంతు రికార్డు చేసి మరీ అడిగింది. ఫొటో మసకగానే ఉంది. అయినా నాకు అది థ్రష్ జాతి పిట్ట అనిపించి, కర్నూల్లో మేం కొందరం నడుపుకునే పక్షుల గ్రూపులో పెట్టాను.

పది నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. గ్రూపు పెద్దమనిషి "నల్లజుట్టు గోరింక" అని తేల్చేశాడు. ఇంకొకాయన నెట్‌లో దొరికిన ఫొటో అన్నాడు. మూడో ఆయన "సాంబారు కాచే ఆమెకు థ్రష్ గురించి ఏం తెలుసు" అని రాసి పక్కన నవ్వు బొమ్మ పెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరి పేరు, చర్చి పక్క ఇల్లు, అన్నీ రాసి, "అంత తెలిసినవాళ్ళు వెళ్ళి కళ్ళారా చూసి రండి, ఆదివారం నేనూ వెళ్తున్నాను" అని పంపించేశాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం అదే.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా మైదుకూరుకు దాదాపు నాలుగు గంటలు, టికెట్టు మూడు వందల లోపే. నంద్యాలలో బస్సు కాసేపు ఆగుతుంది. అక్కడ బొరుగుల ఉగ్గాని, బజ్జి తినేయండి, తర్వాత దారిలో మంచిది దొరకదు. మైదుకూరులో దిగి ఆటో మాట్లాడుకుంటే పల్లెకు ఇరవై నిమిషాలు, నూట యాభై అడిగారు. ఊరి పేరు, చర్చి సంగతి చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"రాహేలమ్మ ఇంటికా అక్కా? నిన్న గూడా కార్లో ముగ్గురు పోయినారు. ఇంత పొడుగు కెమెరాలు. ఏముండాదక్కా ఆడ?"

వెళ్ళింది మా గ్రూపులో ఆ ముగ్గురేనని అప్పుడే అర్థమైంది.

చర్చికి క్రిస్మస్ సున్నం వేస్తున్నారు. పక్కనే రాహేలమ్మ ఇల్లు. పెరట్లోకి వెళ్ళి నిలబడిపోయాను. మనిషెత్తు గుబురుగా ఉండాల్సిన పరికి కంపలో ముందు సగం లేదు. నరికిన కొమ్మలు పండ్లతో సహా గోడవార పడి ఉన్నాయి. కింద నేల అద్దంలా ఊడ్చి ఉంది. ఒక్క ఆకు లేదు. థ్రష్ బతికేదే ఆ రాలిన ఆకుల్లో. పండ్లు ఏరుకుంటుంది, ఆకులు తిరగేసి పురుగులు తింటుంది, ఎవరైనా వస్తే గుబురులో దూరుతుంది. ఈ పిట్టకు తిండీ, ఇల్లూ రెండూ తీసేశారు.

"ఎవరు కొట్టారమ్మా ఇది?" అని అరిచాను.

"నేనే మేడమ్," అంది రాహేలమ్మ నెమ్మదిగా. "ఫొటోకు అడ్డమొస్తాండాది, కొట్టమన్యారు. ఆకులు ఊడ్సమన్యారు. మీరే పంపినారనుకొన్యా. పెద్ద సార్లు గదా."

"తర్వాత?"

"ఒక డబ్బాలో పిట్ట అరుపులు పెట్టినారు. రెండు గంటలు మోగుతానే ఉండాది. అయినా అది రాల్యా. పోతాపోతా, ఇంగ ఇట్లాంటి అబద్ధాలు పంపొద్దు అని సెప్పి పోయినారు. గోడ అవతల లక్షుమ్మ వాళ్ళంతా నగుతాండారు మేడమ్. లేని పిట్టను సూపిచ్చి టవును సార్లను పిలిపిచ్చుకొనిందంట రాహేలమ్మ అని."

ఇరవై ఏళ్ళు వంద మంది పిల్లలకు వండి, పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా మాట పడని మనిషి. ఆ ముగ్గురినీ తిట్టాలని ఎన్ని మాటలు నోటిదాకా వచ్చాయో! కానీ అడ్రసు ఇచ్చింది నేనే కదా. సిగ్గుతో తల దించుకుని ఆ మాటే చెప్పాను. "సంగటి తిందురు రాండి," అంది.

రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తిని, ఇద్దరం కొంగులు బిగించాం. ఊడ్చిన ఆకులు దిబ్బలోనే ఉన్నాయి. గంపలకెత్తి ఏడు సార్లు మోసి మళ్ళీ కంప కింద పరిచాం. నరికిన కొమ్మల్ని లాక్కొచ్చి నిలబెట్టాం. నా చేతుల నిండా ముళ్ళు దిగాయి, దిగాలి కూడా. ఊడ్చిన పెరట్లో ఆకులు పోస్తున్న ఇద్దరు ఆడవాళ్ళను చూసి లక్షుమ్మ గోడ మీద నుంచి మళ్ళీ నవ్వింది.

వంటింటి కిటికీ వెనక కూర్చున్నాం. రెండైంది, మూడైంది. నాలుగు దాటాక రాహేలమ్మ నా చెయ్యి నొక్కింది. ముందు చప్పుడు వినిపించింది, ఎండుటాకుల మీద చర్ చర్ మని. ఆ తర్వాత పిట్ట గెంతుతూ బయటికొచ్చింది. ముక్కుతో ఆకును కుడికి విసిరింది, ఎడమకు విసిరింది, ఒక పరికి పండు మింగింది. తల, పొట్ట ఇటుకరంగు. వీపు నీలం కలిసిన బూడిద. రెక్క మీద తెల్లటి మచ్చ. తెల్లటి చెంప మీద, కంటి కింద నుంచి రెండు నల్లటి చారలు. గోరింకకు తల మీద నల్లజుట్టు ఉంటుంది, దీనికి నలుపు ఆ చారల్లోనే. ఆరెంజ్ హెడెడ్ థ్రష్, సందేహమే లేదు.

"ఏడిస్తే కాటుక కారినట్టుండ్ల్యా?" అంది రాహేలమ్మ. "నేను కాటుక పిట్ట అనే పిలుస్తా."

మెల్లగా వెళ్ళి లక్షుమ్మను పిలుచుకొచ్చింది. లక్షుమ్మ కిటికీలోంచి చూసింది. "నిజంగానే ఉండాది గదక్కా," అని మాత్రం అంది.

నేను చక్కటి ఫొటో తీశాను. గ్రూపు తెరిచి, ఆ ముగ్గురికీ దుమ్ము దులిపేలా పెద్ద సందేశం రాశాను. పంపబోతుంటే రాహేలమ్మ అడిగింది.

"ఇది సూస్తే వాళ్ళు మళ్ళా వస్తారు గదా మేడమ్?"

నా వేలు ఆగిపోయింది.

"లక్షుమ్మ సూసింది, నాకు సాలు. వాళ్ళకు గోరింకే అని సెప్పండి."

నా జీవితంలో అంత కష్టంగా టైపు చేసిన మాట ఇంకొకటి లేదు. "గోరింకే సార్" అని పంపాను. వెంటనే మూడు బొటనవేలి బొమ్మలు వచ్చాయి. గ్రూపులోంచి బయటికొచ్చి ఐదున్నర బస్సు ఎక్కాను. ఆళ్ళగడ్డ దాకా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. ఒక పిట్ట పేరు తెలియడానికి పుస్తకం, కెమెరా, కారు ఉండాలనుకునేవాళ్ళు పెరిగిపోయారు. మూడు చలికాలాలు కిటికీ దగ్గర ఊరికే కూర్చుని చూసిన మనిషి మాటకు విలువ లేదు. ఇది చదివి వాళ్ళు మళ్ళీ వెళ్తారేమోనని మీకు భయం వద్దు. ఆ పిట్ట వెళ్ళిపోయాకే రాస్తున్నాను. కంప చిగురేసి మళ్ళీ గుబురెక్కిందట. కొడవలి పట్టుకుని ఎవరొచ్చినా ముందు తను అడ్డం నిలబడతానని లక్షుమ్మ కబురు పంపింది.

థ్రష్‌ను చూడాలనుకునే మీకు ఒక్క సలహా. ఊరి పేరు నన్ను అడగకండి, చెప్పను. మీ పెరట్లోనే పండ్లు కాసే కంప ఒకటి ఉంచి, దాని కింద సంక్రాంతి వెళ్ళేదాకా చీపురు పెట్టకండి.