రూతమ్మ కాలేజీ గుమ్మం దగ్గర ఒక ప్రశ్న

నెల్లూరులో ఒక కాలేజీ ఆదివారం మధ్యాహ్నాలు ఊరందరికీ తలుపు తీస్తోందని విని, ఒకసారి చూసి రావాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను వెళ్ళింది మాత్రం చూడటానికి కాదు, పోలమ్మను వెనక్కి తెచ్చుకోవడానికి. ఇందుకూరుపేటలో మా అరుగు మీద కొంతకాలంగా ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతున్నాను. మైపాడు నుంచి చేపల గంప మోసుకొచ్చే పోలమ్మ అందరిలోకి చురుకైనది. గంప ఖాళీ కాగానే పలక పట్టేది. వేసవి తర్వాత రావడం మానేసి, ఆదివారాలు ఆ కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. ఆమె వెనకే మరో ఇద్దరు. పోలమ్మ తిరిగి రాకపోతే మిగిలినవాళ్ళూ జారుకుంటారు, నా అరుగు బోసిపోతుంది. పైగా అక్కడ ఆ చదువు నడిపేది రూతమ్మ. మిషన్ స్కూల్లో మాది ఒకే బెంచీ. మొదటి స్థానం ఒకసారి నాది, ఒకసారి తనది. పెళ్ళయి నేను వంటింట్లోకి వెళ్ళాను, తను లెక్చరరై కాలేజీలోకి వెళ్ళింది. ఆ లెక్క నాకింకా సరిపోలేదు.

భోంచేసి పన్నెండున్నర బస్సెక్కాను. టిక్కెట్టు నలభై నయాపైసలు. కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా వరి మళ్ళ గాలి తగులుతుంది, ఎండ బాధ తెలియదు. బస్టాండు దగ్గర జట్కా అతను అర్ధరూపాయి అడిగితే ముప్పై పైసలకు ఒప్పించాను.

"రూతమ్మగారి బడికేనా అవ్వా?" అన్నాడు.

"నువ్వూ పోతావా?"

"పోయినా. ఏం తెలవదో చెప్పమన్నారు. గుర్రానికి జొరమొస్తే ఏం చెయ్యాల్నో తెలవదన్నా. పశువుల డాక్టరు పక్కన కూర్చోబెట్టినారు. ఆయనకేమో బండి తోలాలని సరదా. కళ్ళెం చేతికిచ్చినా, నేరుగా కాలవలోకి తోలినాడు."

నవ్వి నవ్వి అతనికి దగ్గొచ్చింది. ఆ గుర్రం కూడా రూతమ్మ పక్షమే అనిపించింది నాకు.

కాలేజీ వరండాలో పెద్ద నల్లబల్ల ఉంది. వచ్చినవాళ్ళు తమకు తెలియనిది ఒకటి చెబితే దాని మీద రాస్తారు. తెలిసినవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటారు. జవాబు నచ్చితే అడిగినవాళ్ళే దాన్ని తుడవాలి. లోపల చాపల మీద బెస్తవాళ్ళు, రైతులు, కాలేజీ పిల్లలు కలిసి కూర్చున్నారు. ఎవరు పంతులో ఎవరు శిష్యుడో పోల్చుకోలేకపోయాను. కెమిస్ట్రీ లెక్చరరు వల అల్లబోయి వేళ్ళు చిక్కించుకుంటే, పోలమ్మ చిక్కు తీస్తూ పడిపడి నవ్వుతోంది. నా అరుగు మీద ఆమె పళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

గుమ్మంలో రూతమ్మ సుద్దముక్కతో నిలబడి ఉంది. జుట్టు నాకంటే తక్కువ నెరిసింది.

"ఇన్నాళ్ళకా సుభద్రా? ఏం తెలవదో చెప్పు, రాస్తాను."

"ఆటుపోట్లు ఎందుకొస్తాయి?"

"తెలిసింది అడిగితే అది పరీక్ష. బెంచీ మీద కూడా ఇంతేనే నువ్వు."

నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు ఎదురు చూస్తున్నారు. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను, కానీ జట్కా వెళ్ళిపోయింది. "పోలమ్మ నా దగ్గరికి రావడం ఎందుకు మానేసిందో తెలియదు" అన్నాను.

రూతమ్మ నవ్వలేదు. గుండ్రటి అక్షరాలతో రాసి, "పోలమ్మా, ఇది నీకు తెలిసిన ప్రశ్న" అని పిలిచింది. పోలమ్మ వచ్చి కూడబలుక్కుంటూ చదివింది. 'ఎందుకు' దగ్గర ఆగితే పక్కనున్న అమ్మాయి అందించింది. చివరిదాకా చదివి, నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పవే, ఏమనుకోను."

"మీ కాడ ఒక్క అచ్చరం తప్పు పోయినా పలకంతా తుడవమంటారు గదా పంతులమ్మా. బాగొచ్చినయ్యి గూడా పోతాయి. నాకు వాటి మీదే ప్రాణం. ఈడ తప్పొకటే తుడస్తారు."

రూతమ్మ తడిగుడ్డ అందించి, "తుడుస్తావా?" అంది.

"వచ్చే ఆదివారం చూద్దాం" అన్నాను.

చివరి బస్సులో పోలమ్మ మాటే తలుచుకుంటూ వచ్చాను. అసూయ పోయిందా అంటే లేదు. ఆ వరండా నాది కావలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది. రూతమ్మను ఒక్క ముక్క పొగడకుండానే వచ్చాను. సోమవారం అరుగు మీద ఒకావిడ 'ఋ' తలకిందులు చేసింది. అలవాటుగా చెయ్యి పలక మీదికి పోయింది. కొంగు కొస తడిపి ఆ ఒక్కటే తుడిచాను. ఆవిడ అనుమానంగా నా మొహం చూసింది. ఆ నల్లబల్ల మీద నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. దాన్ని తుడవాల్సింది నేనే కాబట్టి మళ్ళీ వెళ్ళక తప్పదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. నిజంగా తెలియని ప్రశ్న ఒకటి ఇంటి దగ్గరే వెతికి పెట్టుకోండి. గుమ్మం దగ్గర వెతుక్కోవడం చాలా కష్టం.