క్రియ లేని వాక్యం

వరిగడ్డిలో మాగిన చిన్న రసాల వాసన తగిలితే చాలు, నా బొటనవేలు ఇప్పటికీ ఊరుకోదు. ఈ ఉదయం స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ముసునూరు నుంచి తెచ్చిన మామిడిపళ్ల బుట్ట మూత తీశారు. సువార్తమ్మ టీచర్ గారు పక్కనే నిలబడి నా చేతి మీద చిన్న దెబ్బ వేసినట్టనిపించి, ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

నాన్న ముందే పోయి, తర్వాత అమ్మ కూడా పోయాక, చింతలపూడి నుంచి నన్ను నూజివీడు తెచ్చుకున్న మనిషి ఆవిడ. అమ్మకి స్నేహితురాలు. బళ్లో తెలుగు చెప్పేవారు. పిల్లలు లేరు. పెరట్లో రసాల చెట్లు, నోట్లో ఎప్పుడూ వ్యాకరణం. నేనేమో ఆ ఇంట్లో తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేదాన్ని, అడక్కుండానే అంట్లు తోమేదాన్ని. ఉంచుకుంటారో, పంపేస్తారోనని ఒకటే భయం. దానికి తోడు ఒక ఆదివారం పాస్టర్ గారు, క్రియలు లేని విశ్వాసం శవంతో సమానమని గట్టిగా చెప్పారు. పని ఆపితే నా పని అయిపోయినట్టేనని, మర్నాటి నుంచి పక్కింటి వాకిలి కూడా ఊడ్చాను.

ఆ వేసవిలో చర్చికి ప్రథమ ఫలాలుగా ఇవ్వాలని టీచర్ గారు ఒక బుట్టెడు కాయలు గడ్డిలో వేసి, "కాస్త చూస్తుండమ్మా" అన్నారు. నేను చూడటంతో సరిపెడతానా! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రతి కాయనీ నొక్కి చూశాను. శనివారం గడ్డి తీస్తే కాయకాయకీ నా వేలిముద్ర, నల్లగా కమిలి ఉంది.

టీచర్ గారు ఒక కాయని తిప్పి చూశారు. "ఏంటే ఇది?"

"మాగాయో లేదో చూశానండీ. నన్ను పంపేయకండి టీచర్ గారూ. రేపటి నుంచి బట్టలు కూడా నేనే ఉతుకుతాను," అని బావురుమన్నాను.

ఆవిడ కాయ కింద పెట్టి, గడ్డి మీదే చతికిలబడి నన్ను దగ్గరికి లాక్కున్నారు. "వాక్యానికి క్రియ తప్పనిసరా?"

"తప్పనిసరండీ," ఏడుస్తూనే చెప్పాను.

"అయితే విను. నువ్వు మా అమ్మాయివి. ఇందులో క్రియ ఏది?"

వెక్కుతూ వెతికాను. నువ్వు, మా, అమ్మాయివి. ఊడ్చడం లేదు, తోమడం లేదు, ఉతకడం లేదు.

"లేదండీ."

"వాక్యం పూర్తయిందా?"

"అయిందండీ."

"దేవుడు మనతో అనే మొదటి మాట అలాంటిదే. దాన్ని నమ్మడమే విశ్వాసం. పాస్టర్ గారు చెప్పిన క్రియలంటావా, అవి తర్వాతి వాక్యాల్లో వస్తాయి. నిజంగా నమ్మితే రాకుండా ఉండవు. నొక్కితే మాగవే పిచ్చితల్లీ. గడ్డిలో వెచ్చగా ఉంటే వాటంతటవే మాగుతాయి."

మర్నాడు నేను హాయిగా ముసుగుతన్ని పడుకున్నాను. ఆవిడ దుప్పటి లాగేశారు. "ఏమే, తర్వాతి వాక్యం ఎక్కడ? లే, చర్చికి టైమవుతోంది!"

"కూతుళ్లు కూడా పని చేస్తారాండీ?"

"చేస్తారు. కాకపోతే విసుక్కుంటూ చేస్తారు!"

అదే చీపురు, అదే వాకిలి. ఆ రోజు మాత్రం పాడుకుంటూ ఊడ్చాను. ఎంత సంతోషమో చెప్పలేను. చర్చిలో కమిలిన కాయల వంక పాస్టర్ గారు వింతగా చూస్తే, "మా అమ్మాయి వేలిముద్రలండీ," అన్నారు టీచర్ గారు గర్వంగా.

తిరిగొచ్చేటప్పుడు నేనూ ఒక క్రియ లేని వాక్యం కూర్చుకుని, సిగ్గుపడుతూ చెప్పాను. "మీరు మా అమ్మ."

"తప్పు," అన్నారు వెంటనే. "మీరు కాదు, నువ్వు."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నేనూ తెలుగు టీచర్నే అయ్యాను. ఈ ఉదయం బుట్ట మీదికి చెయ్యి వెళ్లింది గానీ, నొక్కలేదు. క్లాసుకి వెళ్లి బోర్డు మీద రాశాను: నువ్వు మా అమ్మవి.

"ఇందులో క్రియ ఏదిరా?" అన్నాను. పిల్లలు వెతకడం మొదలుపెట్టారు.