ప్రేమానందం గారి తెల్ల చొక్కా

అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా తెలుగు చర్చికి వచ్చే మగవాళ్లలో ప్రేమానందం గారిదంత తెల్లటి చొక్కా ఇంకెవరికీ లేదు. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం మావాళ్లంతా తెల్లబట్టలే కడతారు. ముందురోజే ఆయన భార్య ప్రేమజ్యోతక్క ఆ చొక్కాను బ్లీచ్‌లో నానబెట్టేది. పక్కన కూర్చుంటే స్విమ్మింగ్ పూల్ వాసన. "సెంట్ బాగుంది అంకుల్" అని పిల్లలు ఏడిపిస్తే ఆయన నవ్వేవారు.

మొన్న వేసవిలో ఆయన ఆఫీసులో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా అక్క ఇంట్లో అదే వాసన.

"ఆయన ఇల్లు వదల్లేదు జోసఫిన్. శనివారం వచ్చిందంటే గదంతా ఆయనే," అంది అక్క ఓ శనివారం నేను వెళ్లినప్పుడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, నా దగ్గరా ఈ దయ్యాల కబుర్లు! విసురుగా వెళ్లి బాత్‌రూమ్ తలుపు తీశాను. టబ్‌లో బకెట్, బకెట్‌లో ఆయన చొక్కా. తొడుక్కునే మనిషి పోయినా అక్క శనివారం తప్పకుండా నానబెడుతూనే ఉంది.

పైకి తీయబోతే కాలర్ ఊడి నా చేతిలోకి వచ్చింది. కోపమంతా చప్పున దిగిపోయింది.

"అక్కా, ఎన్నిసార్లు రిన్స్ చేసినా క్లోరిన్ కొంత నూలులోనే ఉండిపోతుంది. ఈ వాసన దానిదే. అదే దారాన్ని తినేస్తోంది. ఇలాగే చేస్తూ పోతే నీకు పీలికలే మిగుల్తాయి."

"మరేం చేయను?"

"నీ మందుల అరలో గాయాలు కడిగే పెరాక్సైడ్ ఉందిగా. కొంచెం కలిపితే క్లోరిన్ కాస్తా ఉప్పయిపోయి నీళ్లలో పోతుంది."

"వాసనో?"

"అదీ పోతుంది."

అక్క టబ్ అంచున కూలబడింది. చొక్కా దక్కాలంటే వాసన వదులుకోవాలి, వాసన కావాలంటే చొక్కా మిగలదు. ఆమె మొహం చూడలేకపోయాను. చివరికి, "చొక్కా ఉండనీ" అంది.

బాగా జాడించి, మంచినీళ్లలో వేసి, పెరాక్సైడ్ పోశాను. మడతల్లోంచి సన్నని బుడగలు లేచాయి. అది ఆక్సిజనేనని నాకు తెలుసు. అయినా నీళ్ల అడుగున ఎవరో ఊపిరి వదులుతున్నట్టనిపించింది.

అక్క బకెట్ మీదికి వంగింది. "ఆగండి... కాసేపు ఆగండి" అంటోంది. నాతో కాదు.

బుడగలు ఆగిపోయాయి. చొక్కా తీసి, నీళ్లు కారుతుండగానే మొహానికి అదుముకుని వాసన కోసం గట్టిగా పీల్చింది. చాలాసేపటికి తలెత్తి నన్ను చూసింది.

"ఇది ఎవరి చొక్కా, జోసఫిన్?"