సుగుణ టీచరమ్మ బస్తీ

వాన పడిన సాయంత్రం పటాన్‌చెరు దాటే బస్సులోకి కుళ్ళిన కోడిగుడ్డు లాంటి ఫ్యాక్టరీ వాసన దూసుకొస్తుంది. అందరూ గబగబా కిటికీలు మూస్తారు. నాకు మాత్రం సుగుణ టీచరమ్మ గుర్తొస్తుంది.

పాశమైలారం వెళ్ళే దారిలో, ఒక ఫ్యాక్టరీ గోడను ఆనుకొని మా రేకుల ఇళ్ళు ఉండేవి. మిషన్ బడిలో చదువు చెప్పి రిటైరైన టీచరమ్మది మా పక్కిల్లు. ఎవరైనా కొత్తగా కిరాయికి దిగితే ఆ రోజు వాళ్ళను పొయ్యి వెలిగించనిచ్చేది కాదు. అన్నం, పప్పు తానే పంపేది. హత్నూర నుంచి వచ్చినా, ఒడిశా నుంచి వచ్చినా అంతే. మా అమ్మానాన్నలు దిగిన రోజు తిన్నదీ ఆమె అన్నమేనట.

ఒకసారి సర్కారు ఆఫీసు వాళ్ళొచ్చి సందు మొదట్లో ‘మురికివాడ’ అని బోర్డు పాతి పోయారు. బడిలో పిల్లలు నన్ను ఆ పేరుతోనే పిలవసాగారు. ఇక బడికి పోనని ఏడుస్తూ కూర్చున్నాను. టీచరమ్మ నన్ను చెయ్యి పట్టుకొని కాలువ దగ్గరికి తీసుకెళ్ళింది. ఫ్యాక్టరీ గోడ కింది తూములోంచి ఎర్రటి నీళ్ళు మా గుమ్మాల ముందుకు పారుతున్నాయి.

"సూడు బిడ్డా, గీ మురికి మనదా? గోడ అవుతల నుంచి వస్తున్నది. పేరు మాత్రం మనకు పెట్టిండ్రు. మనది బస్తీ. ఉర్దూల బస్‌నా అంటే కాపురముండుడు. మనుషులు కాపురమున్న జాగ బస్తీ. గంతే."

మర్నాడు బడికి వెళ్ళాను. ఆమె మాత్రం బోర్డు మార్చమని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయింది. సర్కారు రాసే మాట అదేనమ్మా అని పంపించేసేవారట. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. తూము మూయమంటే ఒక్కడూ రాలేదు గానీ, పేరు రాయడానికి రంగు డబ్బా పట్టుకొని వచ్చారు.

కొన్నాళ్ళకు బోరు నీళ్ళూ ఎర్రబడ్డాయి. ఒక్కొక్కరే ఖాళీ చేశారు. మేమూ సంగారెడ్డి వచ్చేశాం. టీచరమ్మకు దగ్గు పట్టుకుంది, అయినా ఎంత చెప్పినా ఆమె కదల్లేదు. అందరం పోతే ఇగ బోర్డు మాటే మిగుల్తది అనేది. చివరికి ఆ దగ్గుతోనే పోయిందని కబురొచ్చింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు అన్నం తెస్తారు. అక్కడ ఇరుగుపొరుగు ఎవరు మిగిలారని, డబ్బా నింపుకొని బస్సెక్కాను. వెళ్ళేసరికి ఆమె కొడుకు ముందు రొట్టెలున్నాయి. ఎదురు గదిలోకి కొత్తగా వచ్చిన బీహారు అమ్మాయి చేసి తెచ్చిందట. తలుపు దగ్గరే నిలబడి, వచ్చీరాని తెలుగులో అంది: "మేము వచ్చిన దినం అమ్మ ఖానా పెట్టింది."

నాకు ఏడుపు ఆగలేదు.

ఆ బోర్డు ఇంకా అలాగే ఉంది. ఎక్కడ పెరిగావని ఎవరైనా అడిగితే బస్తీలో అంటాను. ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంటులోకి ఎవరు కొత్తగా దిగినా ఆ పూట అన్నం మా ఇంటి నుంచే వెళుతుంది. కొందరు తలుపు తీయరు. గిన్నె గడప దగ్గర పెట్టి వస్తాను.